ఒంగోలు క్లౌ దొరగారు

మన సంఘాల్లో పెద్దలెవరైనా ఏళ్ల తరబడి సేవ చేసి వయసు మీరితే, వారికి శాలువా కప్పి నాలుగు మంచి మాటలు చెప్పుకోవడం ఆచారం. ఆ పెద్దల మేలు మనం కళ్లారా చూసినది. కాని మన తాతముత్తాతల కాలంలో మనకు మేలు చేసి వెళ్లిపోయిన వారిని కూడా అప్పుడప్పుడు తలచుకోవాలి. పిల్లలకు చెప్పాలి. అటువంటి వారిలో ఒకరు డాక్టర్ జాన్ ఎవరెట్ క్లౌగారు. ఒంగోలు ప్రాంతంలో మన పాతతరం వారికి ఆయన క్లౌ దొరగారు.

ఆయన 1836 జూలై 16న అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టారు. వారిది కలిగిన కుటుంబం కాదు. బ్రతుకుదెరువు కోసం తలిదండ్రులు పడమటి దిక్కుగా తరలి మొదట ఇల్లినాయిలోను, తరువాత అయోవాలోను కాపురం పెట్టారు. ఊరు విడిచి పొరుగు సీమల్లో స్థిరపడిన మనకు ఇది తెలియని కష్టమేమీ కాదు. క్లౌగారు యౌవనంలో ప్రభుత్వ సర్వేవారితో కలిసి మిన్నెసోటా అడవుల్లో గొలుసు పట్టి భూములు కొలిచారు. ఆ పనిలోనే పైకి వచ్చి సర్వేయరు అయ్యారు. అప్పట్లో ఆయనకు దైవభక్తి మీద ధ్యాస లేదు. బర్లింగ్టన్ కళాశాలలో చదువుతున్న రోజుల్లో మారుమనస్సు పొందారు. 1861లో హారియెట్ సండర్లాండ్ అమ్మగారిని పెండ్లి చేసుకున్నారు.

ఆ రోజుల్లో అమెరికా బాప్టిస్టు మిషనుకు తెలుగుదేశంలో నెల్లూరు ఒక్కటే స్థావరం. ఫలితం కనబడడం లేదని దానిని మూసివేయాలన్న మాట ఒకటికి రెండుసార్లు వచ్చింది. అయినా జ్యూయెట్ దొరగారు పట్టు విడువలేదు. 1854 నూతన సంవత్సర దినాన ఆయన కొద్దిమంది తెలుగు విశ్వాసులతో ఒంగోలు కొండ ఎక్కి, ఆ ఊరికి ఒక సేవకుని పంపమని ప్రార్థించారు. దానినే ఈనాటికీ ప్రార్థన కొండ అంటున్నాము. పదేళ్లు గడిచాక, 1864 చివర, క్లౌ దంపతులు ఆ జ్యూయెట్ దొరగారితోనే ఓడ ఎక్కి మరుసటి ఏడు మన దేశం చేరారు. 1866లో ఒంగోలులో కాపురం పెట్టారు. 1867 జనవరి 1న అక్కడ సంఘము స్థాపించినప్పుడు సభ్యులు 8 మందే.

మొదట్లోనే ఒక పరీక్ష ఎదురైంది. హారియెట్ అమ్మగారు నడిపే బడికి బ్రాహ్మణుల, కోమట్ల పిల్లలు వస్తుండేవారు. ఊరిలో పెద్దకులాల వారు కొందరు దొరగారి బోధ శ్రద్ధగా వింటున్నారు. అంతలో పశ్చిమాన తాళ్లకొండపాడు నుండి ఎర్రగుంట్ల పేరయ్యగారి సాక్ష్యము విని మాదిగ సోదరులు రాసాగారు. పేరయ్యగారు తోళ్ల వ్యాపారం చేసేవారు, 1866లో బాప్తిస్మము పొందినవారు. మాదిగవారిని చేర్చుకుంటే తాము రాలేమని పెద్దకులాల వారు చెప్పారు. ఏమి చేయాలో తోచక ఆ రాత్రి భార్యాభర్తలు ఎవరి గదిలో వారు బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలోని మొదటి అధ్యాయమే తగిలిందట. దేవుడు గొప్పవారిని కాక సామాన్యులను పిలిచాడని పౌలు చెప్పిన చోటు అది. దానితో సందేహం తీరింది. పెద్దకులాల వారు వెళ్లిపోయారు. దొరగారు తాళ్లకొండపాడుకు వెళ్లి 28 మందికి బాప్తిస్మమిచ్చారు. ఆ తరువాత పల్లె పల్లెకు సువార్త తీసికొని వెళ్లిన వారు పేరయ్యగారి వంటి మన తెలుగు ఉపదేశకులే.

పదేళ్లకు ధాత కరువు వచ్చింది. 1876 నుండి 1878 వరకు వానలు లేక దక్షిణ దేశమంతటా లక్షలాది ప్రాణాలు పోయాయి. అన్నిటికన్నా ముందు మాడిన కడుపులు కూలివారివి. కరువుపనిగా ప్రభుత్వం సముద్రం వెంబడి బకింగ్‌హాం కాలువ పని చేయించింది. చెన్నైలో ఉన్న మనవారు రోజూ దాటిపోయే కాలువే అది. ఉత్తరాన పెదగంజాం నుండి దక్షిణాన మరక్కాణం వరకు సుమారు 420 కిలోమీటర్లు సాగుతుంది. తమ బీదలకు అవమానం లేని చోట పని దొరకాలని దొరగారి తపన. అందుకని ఆ కాలువలో మూడున్నర మైళ్ల పని ఆయనే కాంట్రాక్టు తీసుకున్నారు. ఎప్పుడో అడవుల్లో నేర్చిన సర్వే పని అప్పుడు అక్కరకు వచ్చింది. తమ ఉపదేశకులనే మేస్త్రీలుగా నిలబెట్టారు. దూరపు పల్లెల నుండి ఎముకల గూళ్లవలె వచ్చిన వేలాది మంది అక్కడ మట్టి మోసి, కూలి పుచ్చుకొని ప్రాణాలు నిలుపుకున్నారు. కలరా కూడా సోకింది. అయినా పని ఆగలేదు.

ఈ కాలంలో ఆయన చేసిన మరొక పని ఉంది. పని దగ్గర ఉపదేశకుల మాటలు విన్న జనం బాప్తిస్మము అడిగారు. దొరగారు ఇవ్వలేదు. అన్నం కోసం చేరారన్న మాట సంఘానికి రాకూడదని, కరువు సహాయం సాగినంత కాలం, సుమారు 15 నెలలు, ఎవరినీ చేర్చుకోలేదు. లెక్క పెంచుకోవాలనుకునే వారెవరైనా ఆ అవకాశం వదులుకుంటారా? సహాయపు డబ్బు అయిపోయిందని, ఇక ఇవ్వడానికి ఏమీ లేదని తేటగా చెప్పిన తరువాత కూడా జనం తిరిగిపోలేదు. తమకు డబ్బు అక్కరలేదని, కష్టపడి బ్రతుకుతామని, చేర్చుకుంటే చాలునని బ్రతిమాలారు.

అప్పుడు ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో బాప్తిస్మములు జరిగాయి. 1878 జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మొత్తం 3,536 మంది. జూలై 3న నీటిలో దిగి బాప్తిస్మమిచ్చింది ఆరుగురు తెలుగు సేవకులు, ఒక్కొక్క మారు ఇద్దరు చొప్పున. దొరగారు ఆ దినాన ఒక్కరికీ స్వయంగా ఇవ్వలేదు. ఆ ఏడాది ముగిసేసరికి లెక్క తొమ్మిది వేలు దాటింది. కరువు క్రైస్తవులని ఎగతాళి చేసినవారు లేకపోలేదు. కరువు పోయింది, పంటలు పండాయి, సంఘాలు మాత్రం నిలిచాయి.

ఆయన సేవలో ఇంటివారి పాలు తక్కువది కాదు. బడి, ఆడపిల్లల చదువు, వచ్చిపోయేవారి ఆదరణ హారియెట్ అమ్మగారి మీదనే నడిచాయి. ఆమె 1893లో మరణించారు. మరుసటి ఏడు ఆయన ఎమ్మా రౌషన్‌బుష్ అమ్మగారిని పెండ్లి చేసుకున్నారు. ఆమె అంతకు ముందే మద్రాసులో తెలుగువారి మధ్య పనిచేసినవారు, గొప్ప విద్యావంతురాలు. మాదిగ పెద్దల దగ్గర కూర్చొని వారి కథలు విని 1899లో పుస్తకంగా అచ్చువేయించారు. క్లౌగారు 1910 నవంబరు 24న న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టరులో ప్రభువునందు నిద్రించారు. ఆయన చెప్పిన జీవిత చరిత్రను ఎమ్మా అమ్మగారే పూర్తిచేయగా 1914లో వెలువడింది. ఆయన పేరట ఒంగోలులో ఆసుపత్రి వెలసింది.

ఆయన బ్రతికి ఉండగానే మరొక సంగతి జరిగింది. నాటాలు చెరకు తోటలకు కూలికి వెళ్లిన తెలుగువారి కోసం మన సంఘాలు 1903లో నెల్లూరు నుండి జాన్ రంగయ్యగారిని పంపాయి. ఒకనాడు మూసివేయాలనుకున్న మిషను తన వలస బిడ్డలను వెదకుతూ సముద్రం దాటింది. ఈనాడు ఒరిస్సాలోనో, బొంబాయిలోనో, కోలారులోనో మనం తెలుగులో ఆరాధించుకుంటున్నామంటే, అటువంటి వారు చూపిన త్రోవ ఉంది.

ప్రియ సహోదరులారా, మన వీధిలో పని వెదుక్కుంటూ కొత్తగా దిగిన కుటుంబం ఉంటే, సంఘములో చేరుతారా అని అడిగే ముందు, తిన్నారా అని, పని దొరికిందా అని అడుగుదాము. క్లౌ దొరగారిని తలచుకోవడానికి అంతకన్నా మంచి పద్ధతి లేదు.