చక్కెర ముట్టని దర్జీ

దావీదుకు ఒకనాడు బేత్లెహేము ఊరి గుమ్మం దగ్గరున్న బావి నీళ్లు తాగాలనిపించింది. ఆ ఊరు అప్పుడు ఫిలిష్తీయుల చేతిలో ఉంది. ఆయన మనసెరిగిన ముగ్గురు యోధులు ప్రాణాలకు తెగించి, శత్రువుల దండులోకి చొరబడి ఆ నీళ్లు తెచ్చి ఇచ్చారు. దావీదు వాటిని తాగలేదు. అవి ఆ మనుషుల రక్తంతో సమానమని భావించి దేవుని సన్నిధిలో పారబోశాడు. రెండవ సమూయేలు 23వ అధ్యాయంలో మనం చదివే సంగతి ఇది. నీళ్లలో ఏ దోషమూ లేదు. అవి తన చేతికి వచ్చిన దారి గుర్తొచ్చి ఆయనకు గొంతు దిగలేదు. తన ముందు పెట్టిన ప్రతి పళ్లాన్నీ, ప్రతి గిన్నెనూ ఇదే చూపుతో చూసిన ఒక సామాన్య విశ్వాసి జీవితాన్ని ఈ వారం మనం తెలుసుకుందాం. ఆయన పేరు జాన్ వూల్మన్.

వూల్మన్ 1720 అక్టోబరు 19న అమెరికాలోని న్యూజెర్సీలో పుట్టాడు. పదముగ్గురు సంతానం ఉన్న రైతు కుటుంబం వాళ్లది. వాళ్లు క్వేకర్లు. ఆ రోజుల్లో క్వేకర్ల ఆరాధనలో ముందే సిద్ధం చేసుకున్న ప్రసంగం ఉండేది కాదు. అందరూ మౌనంగా కూర్చుని దేవుని స్వరం కోసం కనిపెట్టేవారు. ప్రేరేపణ కలిగినవారు లేచి మాట్లాడేవారు. చిన్నతనంలో వూల్మన్ ఒక తల్లిపిట్టను రాయి విసిరి చంపాడు. గూటిలోని పిల్లలు ఆకలితో మాడి చనిపోతాయని తెలిసి, వాటిని కూడా తన చేతులతోనే చంపవలసి వచ్చింది. సరదాగా చేసిన పనికి ఎవరెవరు వెల చెల్లిస్తారో ఆ రోజు ఆయనకు తెలిసింది. ఆ బాధ జీవితాంతం మరువలేదు.

ఇరవై ఒకటో ఏట మౌంట్ హోలీ అనే ఊళ్లో ఒక దుకాణంలో లెక్కలు రాసే పనికి కుదిరాడు. అక్కడే ఆయనకు పరీక్ష ఎదురైంది. యజమాని తన దగ్గరున్న ఒక నల్లజాతి స్త్రీని అమ్మేశాడు. విక్రయ పత్రం రాయమని వూల్మన్‌కు చెప్పాడు. కొన్నవాడు పక్కనే నిలబడి ఉన్నాడు. అతను వయసు మళ్లిన మనిషి, పైగా తమ సంఘస్తుడే. యువకుడైన వూల్మన్ తడబడ్డాడు. పత్రం రాసేశాడు. అయితే మనుషులను బానిసలుగా ఉంచుకోవడం క్రైస్తవ విశ్వాసానికి తగదని తాను నమ్ముతున్నట్టు ఆ ఇద్దరి ఎదుటే చెప్పాడు. చెప్పినా మనసు కుదుటపడలేదు. రాయనని ఖండితంగా చెప్పి ఉండవలసిందని ఆయన అంతరాత్మ గద్దిస్తూనే ఉంది. కొంతకాలానికి మరొకరు అలాంటి పత్రమే రాయమని వచ్చినప్పుడు మర్యాదగా నిరాకరించాడు. వీలునామాల విషయంలోనూ అంతే. బానిసను వారసులకు ఇస్తున్నట్టు రాసే మాట ఉంటే ఆయన కలం కదిలేది కాదు. దానివల్ల రావలసిన రుసుము పోయేది, ఊరి పెద్దల స్నేహం పోయే ప్రమాదం కూడా ఉండేది. కానీ నిదానంగా, కోపం లేకుండా మాట్లాడేవాడు. ఆ మాటలు విని తమ బానిసలకు విడుదల రాసిచ్చినవారు కూడా ఉన్నారు.

తర్వాత ఆయన దర్జీ పని నేర్చుకుని సొంతంగా దుకాణం పెట్టాడు. 1749లో సారా ఎల్లిస్‌ను వివాహం చేసుకున్నాడు. వ్యాపారం బాగా పెరిగింది. అయితే ఆయన సంతోషించడానికి బదులు భయపడ్డాడు. ధనం పెరిగేకొద్దీ మనసు దానికే అంటుకుపోతుందని గ్రహించి సరుకుల అమ్మకం మానేశాడు. కుట్టుపని, ఒక యాపిల్ తోట మాత్రం ఉంచుకున్నాడు. ఆదాయం తగ్గినా సువార్త పర్యటనలకు సమయం దొరికింది.

1746లో ఆయన వర్జీనియా, మేరీల్యాండ్, నార్త్ కరోలినా ప్రాంతాలకు వెళ్లాడు. ఆ ఇళ్లలో అతిథిగా భోజనం చేస్తుంటే ముద్ద దిగలేదు. ఆ అన్నం ఎవరి చెమటతో వండినదో వాళ్లకు కూలి అందదని ఆయనకు తెలుసు. 1754లో బానిసత్వాన్ని గురించి తన ఆలోచనలను పుస్తకంగా ప్రచురించాడు. 1757లో మళ్లీ దక్షిణానికి బయలుదేరినప్పుడు చిన్న వెండి నాణేలు వెంట తీసుకెళ్లాడు. ఒక ఇంట్లో బస చేసి వెళ్లేటప్పుడు యజమానిని పక్కకు పిలిచి, ఈ డబ్బు మీ దగ్గర పనిచేసేవాళ్లకు ఇవ్వమని కోరేవాడు. కొన్నిచోట్ల తానే వాళ్ల చేతిలో పెట్టేవాడు. ఆతిథ్యానికి డబ్బు ఇవ్వడమంటే ఇంటివారికి అవమానం కదా! ప్రతిసారీ ఆయనకు గుండె దడదడలాడేది. కానీ కాస్త మాట్లాడాక చాలామంది కోపగించుకోకుండానే తీసుకున్నారు. ఆ నాణేలు చేసిన ప్రసంగం ఏ వేదిక మీదా ఎవరూ చేయలేనిది.

1758లో ఫిలడెల్ఫియాలో క్వేకర్ల వార్షిక కూడిక జరిగింది. ఈ విషయాన్ని వాయిదా వేద్దామని కొందరు అనుకుంటుండగా వూల్మన్ లేచి, అణగారినవారి మొర దేవుని చెవిని చేరిందని, ఆలస్యం తగదని బతిమాలాడు. బానిసలున్న విశ్వాసుల ఇళ్లకు వెళ్లి మాట్లాడాలని సంఘం తీర్మానించింది. వెళ్లినవారిలో ఆయన ఒకడు. ఇంటింటికీ తిరిగి, కన్నీళ్లతో, ఓర్పుతో మాట్లాడాడు.

ఇక తన సొంత ఇంటి సంగతి. వెస్టిండీస్ దీవుల నుంచి వచ్చే చక్కెర, రమ్ము, బెల్లపు పాకం బానిసల చాకిరీతో తయారయ్యేవి. వూల్మన్ చక్కెర మానేశాడు. ఒకప్పుడు తన దుకాణంలో ఈ సరుకులే అమ్మినందుకు పశ్చాత్తాపపడ్డాడు. అంతకన్నా పెద్ద భారం మరొకటి ఉంది. యౌవనంలో ఒక వీలునామా అమలు చేసే బాధ్యతలో భాగంగా, మరొకరితో కలిసి ఒక నల్లజాతి బాలుణ్ణి ముప్పై ఏళ్లు వచ్చేదాకా పనిచేసే షరతు మీద అమ్మాడు. ఎన్నో ఏళ్ల తర్వాత ఆ తప్పు ఆయనను నిద్రపోనివ్వలేదు. ఆ యువకుడి గడువులో చివరి నాలుగున్నరేళ్లకు తగిన వెల యజమానికి తానే చెల్లిస్తానని పత్రం రాసిచ్చాడు. జక్కయ్య లాగా పశ్చాత్తాపాన్ని లెక్క కట్టి తీర్చిన మనిషి ఆయన.

1761 తర్వాత రంగు వేసిన బట్టలు కూడా మానేశాడు. రంగు మురికిని దాచడానికే తప్ప శుభ్రతకు కాదని, కొన్ని రంగులు బట్టను పాడుచేస్తాయని ఆయన అభిప్రాయం. రంగులేని టోపీ పెట్టుకుంటే సంఘంలో కొందరు ఆయనకు దూరంగా జరిగారు. విచిత్రమేమిటంటే, అలాంటి తెల్ల టోపీలు అప్పుడే కొత్త ఫ్యాషన్‌గా వచ్చాయట! వేషం కోసం చేస్తున్నాడని అనుకుంటారేమోనని ఆయన నలిగిపోయాడు. అయినా ఎవరినీ నిందించలేదు, తన పద్ధతిని ఎవరి మీదా రుద్దలేదు.

1772 మే నెలలో ఇంగ్లాండుకు ఓడ ఎక్కాడు. పై గదుల్లో అనవసరమైన చెక్కడపు పని, అలంకారాలు ఉన్నాయని, కింద నావికులు ఉండే చీకటి, ఇరుకు చోటులో ప్రయాణించాడు. అక్కడి కుర్రవాళ్ల కష్టాలు కళ్లారా చూశాడు. ఇంగ్లాండులో వేగం కోసం బండి గుర్రాలను చచ్చేదాకా తోలుతున్నారని, టపా కుర్రవాళ్లు చలికి బలవుతున్నారని విని, ఆ బండ్లు ఎక్కలేదు. లండన్ నుంచి ఉత్తరాన యార్క్ దాకా నడిచే వెళ్లాడు. అక్కడ మశూచి సోకి 1772 అక్టోబరు 7న ప్రభువు సన్నిధికి చేరాడు. అప్పటికి ఆయన వయసు యాభై రెండుకు కొద్ది రోజులు తక్కువ.

ఒక్కడు చక్కెర మానేస్తే ఏమవుతుంది? ఆ రోజుల్లోనూ చాలామంది ఇలాగే అడిగి ఉంటారు. ఆయన కన్నుమూసిన నాలుగేళ్లకు, 1776లో, ఫిలడెల్ఫియా క్వేకర్లు బానిసలను విడిచిపెట్టని సభ్యులను సంఘం నుంచి తొలగించాలని నిర్ణయించారు. 1791లో బ్రిటిష్ పార్లమెంటు బానిస వ్యాపారాన్ని ఆపడానికి ఒప్పుకోకపోతే, ఆ దేశంలో లక్షల మంది తమ ఇళ్లలో చక్కెర మానేశారు. వంటిల్లు చూసుకునే స్త్రీలే అందులో ముందున్నారు. 1807లో బానిస వ్యాపారాన్ని నిషేధిస్తూ, 1833లో బ్రిటిష్ వలసల్లో బానిసత్వాన్ని రద్దు చేస్తూ చట్టాలు వచ్చాయి. ఇదంతా వూల్మన్ ఒక్కడివల్ల జరిగిందని మేము అనడం లేదు. ఎందరో శ్రమించారు. కానీ విత్తినవారిలో ఆయన ముందువరసలో ఉన్నాడు. పంట చూడకుండానే వెళ్లిపోయాడు.

చక్కెర కథ మనకు దూరపుది కాదు. బానిసత్వం పోయాక మారిషస్ చెరకు తోటలకు కూలీలు కావలసి వచ్చింది. ఒప్పంద కూలీలుగా ఓడలెక్కినవారిలో మన కోస్తా నుంచి వెళ్లిన తెలుగువాళ్లూ ఉన్నారు. తీపి వెనుక ఎవరి కన్నీళ్లున్నాయో అడగడం ఏ ఒక్క కాలంతోనూ ముగిసిపోలేదన్నమాట.

చేనిలో కోసినవారికి బిగబట్టిన కూలి మొర పెడుతుందని, ఆ కేకలు సైన్యములకు అధిపతియగు ప్రభువు చెవిని చేరాయని యాకోబు పత్రిక హెచ్చరిస్తోంది. పసిపిల్లవాడు కప్పులు కడిగే హోటల్లో మనం టీ తాగుతున్నామా? కట్నం లెక్కలు తేలాకే జరిగే పెళ్లి విందులో మనం ప్రార్థన చేసి మరీ భోంచేస్తున్నామా? మన ఇంట్లో పనిచేసే ఆమెకు నెల మొదట్లోనే జీతం అందుతోందా? ఇతరులను వేలెత్తి చూపే ముందు వూల్మన్ తన గిన్నెలోకి చూసుకున్నాడు. అందుకే ఆయన మానేసినవి ఆయనను పరిసయ్యుడిగా మార్చలేదు, మరింత మెత్తని మనిషిని చేశాయి.

ఈ రోజు భోజనానికి ముందు కృతజ్ఞతాస్తుతి చెల్లించేటప్పుడు ఒక్క క్షణం ఆగుదాం. ఈ పళ్లెం మన ముందుకు రావడానికి ఎవరు శ్రమపడ్డారో, వారికి న్యాయం జరిగిందో లేదో దేవుని ఎదుట తలచుకుందాం. పారబోయవలసిన నీళ్లేవో ఆయనే మనకు చూపిస్తాడు. చూపించినప్పుడు పారబోసే ధైర్యం కూడా ఆయనే మనకు అనుగ్రహించును గాక.