తెరచియుంచిన తలుపు: పండిత రమాబాయి జీవితము

1874వ సంవత్సర ప్రాంతమున దక్షిణ దేశమును కరవు పీడించుచుండగా ఒక బ్రాహ్మణ స్త్రీ ఆకలికి కృశించి మరణించెను. ఆమె భర్త కొలది కాలము క్రిందటనే ఆ విధముగానే కన్నుమూసియుండెను. శవమును మోయుటకు నలుగురు కావలెను. జాలిపడి ముందునకు వచ్చిన బ్రాహ్మణులు ఇద్దరే. మూడవవాడు మృతురాలి కుమారుడు. పాడె నాలుగవ కొమ్ము పట్టుటకు ఆమె చిన్న కుమార్తె తప్ప వేరెవ్వరును లేకపోయిరి. ఆ పిల్ల పొట్టిది. భుజము అందకపోయినందున ఆ కొమ్మును తలమీద పెట్టుకొని శ్మశానము వరకు నడచెను. ఆ బాలికనే తరువాత లోకము పండిత రమాబాయియని పిలిచినది.

త్రోసివేయబడుట ఆ కుటుంబమునకు క్రొత్త కాదు. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే చిత్పావన బ్రాహ్మణుడు, గొప్ప సంస్కృత పండితుడు. స్త్రీలకు దేవభాష తగదని పెద్దలు నమ్మిన కాలమున ఆయన తన భార్య లక్ష్మీబాయికి సంస్కృతము నేర్పెను. తనవారు ఆక్షేపింపగా శాస్త్రములను చూపి వాదించెనేగాని పాఠము మానలేదు. ఊరి పోరు పడలేక పశ్చిమ కనుమలలో గంగామూలయను అడవియందు ఆశ్రమము కట్టుకొనెను. 1858 ఏప్రిల్ 23న రమాబాయి అక్కడనే జన్మించెను. ఆమె పసిబిడ్డగా ఉన్నప్పుడే ఆ కుటుంబము ఆశ్రమము విడిచి, పుణ్యక్షేత్రములు తిరుగుచు, పురాణ పఠనము వలన వచ్చినదానితో జీవించుచుండెను. తల్లి తెల్లవారక మునుపే కుమార్తెను లేపి శ్లోకములు వల్లె వేయించెడిది.

తలిదండ్రులును అక్కయు పోయిన తరువాత రమాబాయియు అన్న శ్రీనివాసుడును దేశమంతయు కాలినడకను తిరిగి 1878లో కలకత్తా చేరిరి. ఆమె పాండిత్యమునకు అచ్చటి విద్వాంసులు ఆశ్చర్యపడి పండిత, సరస్వతి అను బిరుదులిచ్చిరి. అయితే ధర్మశాస్త్రములను స్వయముగా చదువ మొదలిడిన కొలదియు ఆమె మనస్సు కలతపడెను. అనేక విషయములలో ఒకదానితో ఒకటి పొసగని ఆ గ్రంథములు స్త్రీ విషయమందును శూద్రుని విషయమందును మాత్రము ఏకాభిప్రాయముతో ఉన్నట్లు ఆమెకు తోచెను. స్త్రీ స్త్రీగానే మోక్షము పొందజాలదు. పొగడ్తల నడుమ కూర్చున్న ఆ పండితురాలికి తన విలువ ఎంతయో ఆ పుటలలో కనబడెను.

1880లో అన్న మరణించెను. అదే సంవత్సరము ఆమె విపిన బిహారి దాస్ అను బెంగాలీ న్యాయవాదిని సివిల్ వివాహము చేసికొనెను. ఆయన బ్రాహ్మణుడు కానందున ఇరుపక్షముల వారును వారిని దూరము చేసిరి. 1881లో మనోరమ పుట్టెను. 1882 ఫిబ్రవరిలో భర్త కలరా వలన మరణించెను. ఇరువది నాలుగేండ్లయినను నిండక మునుపే ఆమె వితంతువు. ఆ దినములలో ఆ మాటకు ఉన్న బరువు చదువరులకు చెప్పనక్కరలేదు. శిల్చారులో కాపురమున్నప్పుడు ఇంటి పుస్తకములలో బెంగాలీ లూకా సువార్త ఒకటి ఆమె చేతికి దొరికెను. ఆమె దానిని ఆసక్తితో చదివెను. అది ఆమె భర్తకు రుచింపలేదు. విత్తనము పడినది అక్కడనేయైనను మొలకెత్తుటకు కాలము పట్టెను.

భర్త పోయిన తరువాత పూనా వచ్చి స్త్రీల కొరకు ఆర్య మహిళా సమాజమును స్థాపించిన రమాబాయి, వైద్యవిద్య నభ్యసింపగోరి 1883లో బిడ్డతో ఇంగ్లండు వెళ్లెను. చెవుడు వలన ఆ ఆశ ఫలింపలేదు. ఆమెకు ఆశ్రయమిచ్చిన వాంటేజి సన్యాసినులు లండనులోని ఫుల్హాములో పతితలైన స్త్రీలకు ఒక గృహము నడుపుచుండిరి. దానిని చూచుటకు వెళ్లిన రమాబాయి విస్మయము నొందెను. తన దేశమున శాస్త్రము శిక్షించుమన్న స్త్రీలను వీరు తల్లులవలె పరామర్శించుచుండిరి. కారణమేమని ఆమె అడుగగా ఒక సన్యాసిని యోహాను సువార్త నాలుగవ అధ్యాయము చదివి వినిపించెను. అన్యజాతిది, అయిదుగురు పెనిమిట్లను చూచినది, ఒంటరిగా నీళ్లకు వచ్చినది యగు ఆ సమరయ స్త్రీతో ప్రభువు బావియొద్ద కూర్చుండి మాటలాడెను. శిష్యులకైనను ఇంకను విప్పిచెప్పని ఆరాధన మర్మమును ఆమెకు చెప్పెను. జాతియు, స్త్రీత్వమును, గత జీవితమును అడ్డురాని రక్షకుడు ఒకడున్నాడని రమాబాయి అప్పుడు గ్రహించెను. 1883 సెప్టెంబరు 29న తల్లియు కుమార్తెయు బాప్తిస్మము పొందిరి.

ఈ వార్త స్వదేశమున అనేకుల హృదయములను ఆమెకు మూసివేసెను. ఆశ్రయమిచ్చినవారు చెప్పినదెల్లను ఆమె తలవంచి అంగీకరించినదనుటయు సరికాదు. సిద్ధాంత విషయములలో సన్యాసినులతో లేఖలద్వారా గట్టిగా వాదించెను. తన బుద్ధిని దేవునికే గాని మనుష్యులకు అప్పగింపలేదు. చీరను మానలేదు, శాకాహారమును విడువలేదు. క్రీస్తును నమ్ముటకు ఇంగ్లీషు వేషము అవసరమని ఆమె ఎన్నడును తలంపలేదు.

1886లో అమెరికా వెళ్లి, ఉన్నతకులపు హిందూ స్త్రీల దుస్థితిని గూర్చి 1887లో ఒక గ్రంథము ప్రకటించెను. బోస్టనులో ఏర్పడిన సంఘము పదేండ్లు సహాయము చేయుటకు ఒప్పుకొనెను. 1889 మార్చి 11న బొంబాయిలో బాలవితంతువుల కొరకు శారదా సదన్ వెలసెను. మరు సంవత్సరము అది పూనాకు మారెను. మతబోధ చేయరాదన్నది నియమము. రానడే, భండార్కర్ వంటి పెద్దలు సలహాసంఘమున ఉండిరి. అచ్చట చదివిన గోదూబాయి అను వితంతువును ధోండో కేశవ కర్వే 1893లో వివాహమాడెను. స్త్రీ విద్యకై పాటుపడి తరువాత భారతరత్న పొందిన కర్వే ఈయనయే.

రమాబాయి ఎవ్వరికిని బోధించుటలేదు. ప్రతిదినము తన గదిలో కుమార్తెతో ప్రార్థించుకొనుచుండెను. కాని తలుపు మూసెడిది కాదు. తల్లివలె ప్రేమించు ఆమె ఏమి చేయుచున్నదోయని కొందరు బాలికలు వచ్చి కూర్చుండసాగిరి. ఈ సంగతి పూనాలో గుప్పుమనెను. పత్రికలు మండిపడెను. 1893లో సలహాసంఘపు పెద్దలు తప్పుకొనిరి. ఇరువదిమందికి పైగా బాలికలను వారి బంధువులు తీసికొనిపోయిరి. ఆ తలుపు ఒక్కటి మూసికొనినయెడల ఆమెకు మిత్రులు మిగిలెడివారు, సదనము నిండుగా ఉండెడిది. నియమము మీరినదని ఆక్షేపించినవారి మాటయందు కొంత న్యాయము లేకపోలేదని కూడ ఒప్పుకొనవలెను. అయినను, తనవారెవ్వరును తనను లోనికి రానియ్యని దినములలో తనకు తలుపు తీసిన ప్రభువును మరుగుపరచుట ఆమెకు సాధ్యము కాలేదు. తలుపు తెరచియే ఉండెను.

ఈ ధైర్యము బాప్తిస్మముతో వచ్చినది కాదు. బాప్తిస్మము పొందిన ఎనిమిదేండ్లకు, 1891లో, తాను క్రైస్తవ మతమును కనుగొనెనే గాని క్రీస్తును కనుగొనలేదని ఆమె తెలిసికొని, ఉన్నది ఉన్నట్లుగా ఆయనకు తన్ను అప్పగించుకొనెను. ఈ అనుభవము రెండేండ్ల ముందు కలుగకపోయినయెడల 1893వ సంవత్సరమును ఆమె ఎట్లు దాటియుండెడిదో.

1896-97లో మధ్యపరగణాలలో కరవు వచ్చెను. పాడె మోసిన పిల్లకు కరవు అనగా ఏమో తెలియును. ఆమె స్వయముగా వెళ్లి, చెట్లక్రిందను కరవు శిబిరములయందును పడియున్న బాలికలను ఏరి తెచ్చెను. మూడువందలమంది వచ్చిరి. పూనాలో ప్లేగు నిబంధనలవలన ఇంతమందిని ఉంచుటకు వీలులేకపోయెను. సదనపు పోషణకు తోట వేయదలచి కేడ్గాంవులో కొనియుంచిన నూరెకరముల భూమియే వారికి దిక్కాయెను. అచ్చట వెలసిన స్థలమునకు ముక్తి అని పేరు. గుజరాతు కరవు తరువాత, 1900 నాటికి, అందు సుమారు రెండువేలమంది ఉండిరి. నేత, పాడి, సేద్యము, అచ్చుపని అన్నియు స్త్రీలే చేసిరి. గ్రుడ్డివారు బ్రెయిలీ చదివిరి. చెడినవారని లోకము పేరుపెట్టిన స్త్రీలకు కృపాసదన్ అను ప్రత్యేక గృహము కట్టబడెను. ఫుల్హాములో ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు ఇప్పుడు కేడ్గాంవులో గోడలతో నిలిచెను. 1905లో ముక్తియందు గొప్ప ఉజ్జీవము కలిగెను.

చివరి పదునైదేండ్లకు పైగా ఆమె ఒక పనికే ఎక్కువగా తన్ను అంకితము చేసికొనెను. అప్పటి మరాఠీ బైబిలునందు సంస్కృత పదములు మెండు. అక్షరజ్ఞానము క్రొత్తగా వచ్చిన పల్లె స్త్రీకి అది కొరుకుడు పడెడిది కాదు. సంస్కృతమే ఉగ్గుపాలుగా త్రాగిన ఈ పండితురాలు హెబ్రీ, గ్రీకు భాషలు నేర్చుకొని, ఆ స్త్రీకి అర్థమగు మాటలలో బైబిలంతయు మరల తర్జుమా చేసెను. ముక్తిలోని బాలికలే అక్షరములు పేర్చిరి. 1921 జులైలో, తన తరువాత ఈ భారము మోయునని ఆశించిన మనోరమ తల్లికంటె ముందు ప్రభువునొద్దకు వెళ్లెను. రమాబాయి ప్రూఫులు దిద్దుట మానలేదు. ఆ పని ముగించి, కొలదిదినములకే, 1922 ఏప్రిల్ 5న నిద్రించెను. ఆ బైబిలు 1924లో వెలువడెను.