యల్లాప్రగడ సుబ్బారావు

డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు (1895 జనవరి 12 - 1948 ఆగష్టు) ప్రపంచ ప్రసిద్ధి చెందిన తెలుగు జీవరసాయన శాస్త్రవేత్త, వైద్యుడు. కండరాలలో శక్తి ఏ రూపంలో నిలువ ఉంటుందో తెలిపిన ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల ఆవిష్కరణలోను, ఫోలిక్ ఆమ్లం తయారీలోను, క్యాన్సర్‌కు తొలి మందులలో ఒకటైన అమైనోప్టెరిన్ రూపకల్పనలోను, బోదకాలు వ్యాధికి వాడే డైఇథైల్‌కార్బమజీన్ (డీఈసీ) మందును వెలుగులోకి తేవడంలోను ఈయన పాత్ర ఉంది. వైద్య విద్యార్థులు మొదటి సంవత్సరం నుండి చదువుకునే అనేక పాఠాల వెనుక ఈయన కృషి ఉన్నా, ఆ పాఠాలలో ఈయన పేరు అరుదుగా కనిపిస్తుంది.

బాల్యం, విద్యాభ్యాసం

సుబ్బారావు పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో జగన్నాథం, వెంకమ్మ దంపతులకు జన్మించాడు. తండ్రి అనారోగ్యం వలన ఉద్యోగాన్ని త్వరగా వదులుకోవలసి రావడంతో కుటుంబం ఆర్థికంగా చితికిపోయింది. చదువుపై ఆసక్తి లేని సుబ్బారావు పదమూడేళ్ళ వయసులో, యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదించాలని కాశీకి బయలుదేరాడు. తల్లి వెనుకకు రప్పించి మళ్ళీ బడిలో చేర్పించింది. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పి, మూడవ ప్రయత్నంలో మద్రాసు హిందూ ఉన్నత పాఠశాల నుండి ఉత్తీర్ణుడయ్యాడు.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివే రోజులలో రామకృష్ణ మిషన్‌లో చేరి సన్యాసం తీసుకోవాలని భావించాడు. తల్లి అందుకు అంగీకరించలేదు. వైద్యం చదివితే ప్రజలకు సేవ చేయవచ్చునని మిషన్ వారు సూచించడంతో మద్రాసు వైద్య కళాశాలలో చేరాడు. మిత్రులు, కస్తూరి సూర్యనారాయణమూర్తి ఆయన చదువుకు సహాయం చేసారు. 1919లో సూర్యనారాయణమూర్తి కుమార్తె శేషగిరితో ఆయన వివాహం జరిగింది.

గాంధీజీ పిలుపు మేరకు సుబ్బారావు ఖద్దరు ధరించేవాడు. శస్త్రచికిత్స గదిలోకి కూడా ఖద్దరు దుస్తులతోనే వెళ్ళడం ఆంగ్లేయుడైన ఆచార్యునికి నచ్చలేదు. చివరకు ఆయనకు ఎం.బి.బి.ఎస్.కు బదులు దానికంటె తక్కువ స్థాయిదైన ఎల్.ఎం.ఎస్. పట్టా లభించింది. మద్రాసు వైద్య సర్వీసులో ఉద్యోగం కూడా రాలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి నిర్వహించిన ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించే ఉద్యోగంలో చేరాడు.

ఈ కాలంలోనే ఉష్ణమండల స్ప్రూ అనే వ్యాధి ఆయన సోదరులను బలిగొన్నది. ఈ వ్యాధిలో చిన్నప్రేగు ఆహారంలోని పోషకాలను గ్రహించలేదు. రోగి విరేచనాలతో కృశించి తీవ్రమైన రక్తహీనతకు గురవుతాడు. సుబ్బారావుకు కూడా ఈ వ్యాధి సోకగా లక్ష్మీపతి చికిత్సతో కోలుకున్నాడు. ఆ రోజులలో స్ప్రూ ఎందుకు వస్తుందో, ఏ మందు ఇవ్వాలో అల్లోపతి వైద్యులకు స్పష్టంగా తెలియదు.

అమెరికా ప్రయాణం

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ, మామగారు ఇచ్చిన ఆర్థిక సహాయంతో సుబ్బారావు 1920ల తొలినాళ్ళలో అమెరికాలోని బోస్టన్ నగరం చేరుకున్నాడు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా పొందాడు. భారతీయ పట్టాతో అక్కడ వైద్యవృత్తి చేసే వీలు లేకపోవడంతో ఖర్చుల కోసం రాత్రివేళ ఆసుపత్రిలో చిన్న ఉద్యోగం చేసాడు. ఆయన బయలుదేరిన తరువాత జన్మించిన కుమారుడు పసితనంలోనే మరణించాడు. సుబ్బారావు ఆ తరువాత ఎన్నడూ స్వదేశానికి తిరిగి రాలేదు.

భాస్వరాన్ని కొలిచే పద్ధతి

డిప్లొమా తరువాత ఆయన హార్వర్డ్ జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్క్ వద్ద పరిశోధన ప్రారంభించాడు. రక్తంలోను, మూత్రంలోను, కణజాలంలోను ఉండే భాస్వరాన్ని కచ్చితంగా కొలవడం అప్పట్లో కష్టంగా ఉండేది. వీరిద్దరూ రూపొందించిన విధానం 1925లో ప్రచురితమైంది. ఇందులో ఫాస్ఫేట్‌ను ఆమ్ల ద్రావణంలో అమ్మోనియం మాలిబ్డేట్‌తో కలిపి, ఏర్పడిన పదార్థాన్ని క్షయకరణం చెందిస్తే నీలిరంగు వస్తుంది. ఫాస్ఫేట్ ఎంత ఎక్కువగా ఉంటే రంగు అంత చిక్కగా ఉంటుంది. కనుక రంగును కొలిస్తే భాస్వరం పరిమాణం తెలుస్తుంది. ఇది ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అనే పేరుతో అనేక దశాబ్దాల పాటు ప్రయోగశాలలలో వాడుకలో ఉంది. పాఠ్యపుస్తకాలలో ఆయన పేరు నిలిచిన ప్రధాన సందర్భం ఇదే.

కండరాలలో శక్తి

కండరం సంకోచించడానికి కావలసిన శక్తి గ్లైకోజెన్ లాక్టిక్ ఆమ్లంగా మారడం వలననే నేరుగా లభిస్తుందని 1920లలో శాస్త్రవేత్తలు భావించేవారు. కండర శరీరధర్మ శాస్త్రంలో చేసిన కృషికి ఏ.వి. హిల్, ఓటో మేయర్‌హాఫ్‌లకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి లభించింది. ఫిస్క్, సుబ్బారావు తమ నీలిరంగు పరీక్షను కండర రసానికి ఉపయోగించినపుడు రంగు వెంటనే రాకుండా నెమ్మదిగా పెరగడం గమనించారు. మామూలు ఫాస్ఫేట్‌తో పాటు, ఆమ్లంలో సులభంగా విచ్ఛిన్నమయ్యే మరొక భాస్వర సమ్మేళనం అక్కడ ఉందని దీని వలన తేలింది. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో వీరు దీనిని ప్రకటించారు. అదే సంవత్సరం ఇంగ్లండులో ఫిలిప్ ఎగిల్‌టన్, గ్రేస్ ఎగిల్‌టన్ దంపతులు కూడా స్వతంత్రంగా ఈ పదార్థాన్ని గుర్తించారు. కండరం పనిచేసినపుడు ఇది తగ్గి, విశ్రాంతి సమయంలో మళ్ళీ పెరుగుతుంది.

1929లో వీరు కండరం నుండి అడినోసిన్ ట్రైఫాస్ఫేట్‌ను (ఏటీపీ) వేరుచేసారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే సంవత్సరం దీనిని కనుగొన్నాడు. 1930లో ఐనార్ లుండ్స్‌గార్డ్ లాక్టిక్ ఆమ్లం తయారు కాకుండా అడ్డుకున్నా కండరం కొంతసేపు సంకోచించగలదని చూపడంతో పాత సిద్ధాంతం కూలిపోయింది. కండర సంకోచానికి ఏటీపీ నేరుగా శక్తినిస్తుంది. అది ఖర్చవుతున్నకొద్దీ ఫాస్ఫోక్రియాటిన్ తన ఫాస్ఫేట్‌ను ఇచ్చి మళ్ళీ ఏటీపీని తయారుచేస్తుంది. పరుగు మొదలుపెట్టిన తొలి కొద్ది సెకన్లలో ఈ నిలువయే శరీరానికి ప్రధాన ఆధారం.

1930లో సుబ్బారావు పీహెచ్.డి. పొందాడు. అయినా హార్వర్డ్‌లో స్థిరమైన పదవి దక్కలేదు. ఆయన వేరుచేసిన కొన్ని పదార్థాల వివరాలను ఫిస్క్ వెలుగులోకి రానివ్వలేదని, అందువలన వాటిని ఇతరులు మళ్ళీ కనుగొనవలసి వచ్చిందని అదే విభాగంలో పనిచేసిన జార్జి హిచ్చింగ్స్ తరువాతి కాలంలో తెలిపాడు. హిచ్చింగ్స్‌కు 1988లో నోబెల్ బహుమతి లభించింది.

ఫోలిక్ ఆమ్లం

1940లో సుబ్బారావు న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలో చేరి, కొద్ది కాలంలోనే పరిశోధన విభాగానికి అధిపతి అయ్యాడు. కాలేయ రసంలో రక్తహీనతను తగ్గించే పదార్థమేదో ఉందని అప్పటికే తెలుసు. 1931లో బొంబాయిలో లూసీ విల్స్ గర్భిణులకు వచ్చే ఒక రకం రక్తహీనత ఈస్ట్ రసంతో తగ్గుతుందని చూపింది. సుబ్బారావు ఆధ్వర్యంలోని బృందం 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేయగలిగింది.

కణం విభజన చెందాలంటే డీఎన్ఏ తయారు కావాలి. దానికి ఫోలిక్ ఆమ్లం అవసరం. ఇది లోపించినపుడు ఎముక మజ్జలో ఎర్రరక్తకణాల విభజన కుంటుపడి, పెద్ద పరిమాణంలో అపరిపక్వ కణాలు ఏర్పడతాయి. అమెరికా వైద్యుడు టామ్ స్పైస్ తదితరులు 1945-46లలో ఈ మందును స్ప్రూ రోగులకు ఇచ్చి రక్తహీనత తగ్గుతుందని నిరూపించారు. సోదరులను పోగొట్టుకున్న పాతికేళ్ళకు, వారి వ్యాధికి పనికివచ్చే మందు సుబ్బారావు ప్రయోగశాల నుండే వచ్చింది.

అయితే పెర్నీషియస్ అనీమియాకు కారణం ఫోలిక్ ఆమ్ల లోపం కాదు, బి12 విటమిన్ లోపం. బి12ను 1948లో ఇతర పరిశోధకులు వేరుచేసారు. బి12 లోపం ఉన్నవారికి ఫోలిక్ ఆమ్లం మాత్రమే ఇస్తే రక్తం మెరుగుపడినా నరాల నష్టం ఆగదు. భారతదేశంలో గర్భిణులకు ఐరన్-ఫోలిక్ ఆమ్లం మాత్రలు ఇచ్చే జాతీయ కార్యక్రమం 1970లో మొదలైంది.

క్యాన్సర్ మందులు

రక్తక్యాన్సర్ ఉన్న పిల్లలకు ఫోలిక్ ఆమ్ల సంబంధిత పదార్థాలు ఇచ్చినపుడు వ్యాధి వేగం పెరుగుతున్నట్లు బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ భావించాడు. ఫోలిక్ ఆమ్లం పనిని అడ్డుకునే పదార్థం ఇస్తే వ్యాధి తగ్గవచ్చునని ఊహించాడు. లెడర్లీ శాస్త్రవేత్తలు తయారుచేసిన అమైనోప్టెరిన్‌ను ఆయన 16 మంది పిల్లలకు ఇచ్చాడు. వారిలో 10 మందికి తాత్కాలికంగా ఉపశమనం కలిగినట్లు 1948 జూన్‌లో ప్రకటించాడు. దీని తరువాతి రూపమైన మెథోట్రెక్సేట్ నేటికీ రక్తక్యాన్సర్‌కు, తక్కువ మోతాదులో కీళ్ళవాతానికి వాడుకలో ఉంది.

బోదకాలు మందు

రెండవ ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్ళిన అమెరికా సైనికులకు ఫైలేరియా సోకింది. లెడర్లీ బృందం ఫైలేరియా పురుగులున్న పత్తి ఎలుకలపై అనేక పదార్థాలను పరీక్షించి, 1947లో డీఈసీ గుణాన్ని ప్రకటించింది. క్యూలెక్స్ దోమ ద్వారా వ్యాపించే ఈ వ్యాధిలో పురుగులు శోషరస నాళాలలో నివసిస్తాయి. వాటి పిల్లలైన మైక్రోఫైలేరియాలు రాత్రివేళ రక్తంలోకి వస్తాయి. అందుకే పరీక్ష కోసం రక్తాన్ని రాత్రిపూట తీస్తారు. డీఈసీ ప్రధానంగా మైక్రోఫైలేరియాలను నిర్మూలిస్తుంది. కనుక ఒకరి నుండి మరొకరికి వ్యాప్తి ఆగుతుంది. అప్పటికే బాగా వాచిపోయిన కాలు మాత్రం మామూలు స్థితికి రాదు.

తెలంగాణలో జమ్మికుంట పట్టణం ఉన్న కరీంనగర్ జిల్లా బోదకాలు వ్యాధి ఎక్కువగా ఉన్న జిల్లాలలో ఒకటిగా ఉండేది. 2004 నుండి దేశంలోని ఇటువంటి జిల్లాలలో సామూహికంగా డీఈసీ మాత్రలు మింగించే కార్యక్రమం చేపట్టారు. రెండేళ్ళలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవారికి ఈ మాత్రలు ఇవ్వరు. పెద్ద పురుగులు కొన్నేళ్ళు బ్రతుకుతాయి కనుక మాత్రను ఏటా మింగవలసి ఉంటుంది. తనకు వ్యాధి లేదనుకుని మాత్ర మింగనివారి రక్తంలో మైక్రోఫైలేరియాలు ఉంటే, దోమల ద్వారా వ్యాధి ఊరిలో మిగిలిపోతుంది.

మరణం, గుర్తింపు

మొదటి టెట్రాసైక్లిన్ మందు ఆరియోమైసిన్‌ను బెంజమిన్ డగ్గర్ కనుగొన్నది కూడా సుబ్బారావు అధిపతిగా ఉన్న కాలంలోనే. ఆ మందు 1948లో వెలువడింది. అదే సంవత్సరం ఆగష్టులో సుబ్బారావు నిద్రలోనే గుండెపోటుతో మరణించాడు. అప్పటికి ఆయన వయసు 53 సంవత్సరాలు. పాతికేళ్ళు అమెరికాలో ఉన్నా ఆ దేశ పౌరసత్వం పొందలేదు.

సుబ్బారావు తన బృందంలోని వారి పేర్లను ముందు నిలిపి, తాను ప్రచారానికి దూరంగా ఉండేవాడు. ఆయనకు నోబెల్ బహుమతి రాలేదు. ఆయన గౌరవార్థం ఒక శిలీంధ్ర ప్రజాతికి సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత తపాలా శాఖ ఆయన స్మారక తపాలా బిళ్ళను విడుదల చేసింది.