గాజు తొట్టి చేసిన దర్జీ అమ్మాయి

చేపల తొట్టి కనబడితే ఇప్పుడు మన చెయ్యి ముందు ఫోన్ మీదికే పోతుంది. హోటల్లో కానీ, పళ్ళ డాక్టరు దగ్గర కూర్చునే చోట కానీ, కొళత్తూరు చేపల అంగళ్ళలో కానీ, ఒక ఎర్ర చేప తోక ఆడించుకుంటూ ముందుకు వస్తే ఫొటో తీయకుండా వదలం. తెలుగులో అయినా తమిళంలో అయినా దాన్ని తొట్టి అనే అంటాం. సముద్రపు ప్రాణుల్ని బతికి ఉండగా చూసి చదవడానికి అలాంటి గాజు తొట్టిని మొదట తయారుచేసిన మనిషిగా పేరు పొందింది ఒక స్త్రీ. అంతకు ముందు ఆమె పని బట్టలు కుట్టడం. ఆమె పేరు జీన్ విల్‌ప్రో పవర్. ఫొటో అనేది ఇంకా లోకంలోకి రాని రోజుల్లో, నీళ్ళలో జరిగేదాన్ని స్పష్టంగా చూసి, చూసినదాన్ని పదిమందీ నమ్మేలా చెయ్యడానికి ఆమె ఎంత కష్టపడిందో చెప్పడమే ఈ వ్యాసం.

జీన్ 1794లో ఫ్రాన్సు దేశంలో జూయాక్ అనే పల్లెలో ఒక సామాన్య కుటుంబంలో పుట్టింది. చదవడం, రాయడం వరకు నేర్చుకుంది. అంతకు మించి పెద్ద చదువు లేదు. పద్దెనిమిదేళ్ళప్పుడు పని వెతుక్కుంటూ పారిస్‌కు బయల్దేరింది. దూరం 400 కిలోమీటర్లకు పైనే. ఆ దూరమంతా నడక. తోడుగా వచ్చిన బంధువే దారిలో ఆమె మీద దౌర్జన్యం చేసి, ఆమె కాగితాలు తీసుకుని పోయాడు. మళ్ళీ కాగితాలు సంపాదించుకుని పారిస్ చేరేసరికి, ఆమెకు ఇస్తామన్న పని ఇంకొకరికి ఇచ్చేశారు. ఇంటికి తిరిగిపోవడానికి ఇంతకన్నా మంచి కారణం ఏం కావాలి? ఆమె తిరిగిపోలేదు. ఒక దర్జీ దగ్గర సహాయకురాలిగా చేరింది.

చేతిపని బాగుంటే పేరు దానంతటదే వస్తుందంటారు. 1816లో ఫ్రాన్సు రాజవంశానికి చెందిన బెర్రీ ప్రభువుకూ, సిసిలీ రాజకుమారి కరోలిన్‌కూ పెళ్ళి జరిగింది. ఆ పెళ్ళికూతురి గౌను తయారుచేసింది జీనే. దాంతో ఆమె పేరు బయటికి వచ్చింది. ఆ రోజుల్లోనే జేమ్స్ పవర్ అనే వ్యాపారితో పరిచయమైంది. 1818లో సిసిలీ దీవిలోని మెస్సీనా ఊళ్ళో ఇద్దరూ పెళ్ళి చేసుకుని అక్కడే కాపురం పెట్టారు. ఇంచుమించు పాతికేళ్ళు ఆ ఊరే ఆమెది.

భర్త ధనవంతుడు. ఇక సూది పట్టుకోవాల్సిన అవసరం లేదు. ఆమె స్థానంలో వేరే వాళ్ళుంటే విందులకూ విలాసాలకూ పోయేవారేమో. జీన్ మాత్రం ప్రకృతిశాస్త్రం చదవడం మొదలుపెట్టింది. గురువు లేడు, కాలేజీ లేదు. పుస్తకాలు తెప్పించుకుని చదివింది. సిసిలీ అంతా కాలినడకన తిరిగి మొక్కలు, పురుగులు, గవ్వలు, శిలాజాలు పోగుచేసింది. మెస్సీనా జలసంధిలో ప్రవాహాలు చాలా బలమైనవి. లోతు సముద్రంలో ఉండే ప్రాణులు కూడా ఆ ప్రవాహాలతో పైకి వచ్చేస్తాయి. సముద్రాన్ని చదవాలనుకునేవాళ్ళకు అంతకన్నా మంచి ఊరు దొరకదు.

అక్కడే ఆమెకు ఆర్గోనాట్ కనబడింది. ఇది ఆక్టోపస్ జాతి ప్రాణి. మన కాశిమేడులో కణవ అని అమ్ముతారే, దానికి దూరపు చుట్టం. ఆడ ఆర్గోనాట్ కాగితమంత పల్చగా ఉండే తెల్లటి గుల్లలో ఉంటుంది. గుడ్లు కూడా ఆ గుల్లలోనే పెట్టుకుంటుంది. దీని రెండు చేతుల చివర వెడల్పాటి పొరలుంటాయి. వాటిని తెరచాపలా ఎత్తుకుని నీటిమీద పడవలా పోతుందని అరిస్టాటిల్ కాలం నుంచి జనం నమ్మారు. అసలు తగాదా ఆ గుల్ల గురించి. నత్తకు గుల్ల ఒంటికి అంటుకుని ఉంటుంది. ఆర్గోనాట్‌కు అలా ఉండదు. అందుకని అది వేరే ప్రాణి గుల్లను దొంగిలించి అందులో దూరుతుందని ఒక పక్షం, కాదు, తనదే అని ఇంకో పక్షం వాదించుకుంటూ వచ్చాయి. వాదించినవాళ్ళలో చాలామంది దగ్గర ఉన్నది సీసాలో సారాయిలో నానబెట్టిన చచ్చిన ప్రాణి. చచ్చినదాన్ని ఎంత సేపు చూసినా గుల్ల ఎవరు కట్టారో అది చెప్పదు కదా!

జీన్ ఆలోచన చాలా సులువైనది. బతికి ఉన్నదాన్ని రోజూ చూడాలి. చూడాలంటే దాన్ని దాని నీళ్ళలోనే ఉంచాలి, మధ్యలో గాజు ఉండాలి. 1832 ప్రాంతంలో ఆమె మూడు రకాల తొట్లు చేయించింది. మొదటిది ఇంట్లో పెట్టుకునే గాజు తొట్టి, మనం ఇప్పుడు చూసేలాంటిదే. రెండోది గాజు తొట్టి చుట్టూ చట్రం కట్టి, తీరం దగ్గర నీళ్ళలోకి దించేది. మూడోది పెద్ద ప్రాణుల కోసం, లంగరు వేసి సముద్రంలో కాస్త లోతుకు దించి ఉంచే బోను. కటానియా ఊళ్ళోని జోయెనియా అకాడమీ ఈ బోనులకు ఆమె పేరే పెట్టింది. బట్ట కొలిచి, కత్తిరించి, ఎవరి ఒంటికి తగ్గట్టు వారికి కుట్టిన మనిషి కదా. ఇక్కడ కూడా ప్రాణికి తగ్గ ఇల్లు కొలిచి చేయించింది అనిపిస్తుంది నాకు.

తర్వాత ఏళ్ళ తరబడి చూడటమే పని. గుల్లకు చిన్న చిల్లు పెట్టి ఏం జరుగుతుందో కాచుకుని కూర్చునేది. ఆర్గోనాట్ ఆ వెడల్పాటి పొరల చేతుల్ని చిల్లు మీద పరిచి, వాటిలోంచి వచ్చే పదార్థంతో దాన్ని పూడ్చుకునేది. అంటే తెరచాప అని అందరూ అనుకున్నది గుల్ల కట్టే పనిముట్టన్నమాట. గుడ్డులోంచి వచ్చిన పిల్లకు గుల్ల ఉండదని, తర్వాత అదే కట్టుకుంటుందని కూడా గమనించి రాసింది. ఒక్కసారి చూసి ఊరుకోలేదు. మళ్ళీ మళ్ళీ వేరే వేరే ప్రాణులతో చేసింది. ఎందుకంటే ఆమె చెప్పేది నమ్మాల్సినవాళ్ళు దూరదేశాల్లో ఉన్న పండితులు. చెప్పేది డిగ్రీ లేని ఒక స్త్రీ, అదీ మునుపు దర్జీ.

ఈ రోజు అయితే ఒక వీడియో తీసి పంపితే సరిపోయేది. అప్పుడు అది కుదరదు. డాగ్యురోటైప్ అనే ఫొటో పద్ధతిని పారిస్‌లో లోకానికి ప్రకటించింది 1839లో. మొదట్లో దానికి ఒక్క బొమ్మ పడటానికే నిమిషాలు పట్టేది. కదిలే చేప దానిలో పొగలా కూడా మిగలదు. కాబట్టి జీన్‌కు కెమెరా ఆమె కళ్ళే, ఫిల్ము ఆమె నోటు పుస్తకాలే.

చేపల తొట్టిని ఫొటో తీసేవాళ్ళు పాటించే సంగతులు చూస్తే ఆమె పనే గుర్తొస్తుంది. గాజును లోపలా బయటా తుడవాలి. నీళ్ళలో నలుసులు అడుక్కి దిగేదాకా ఆగాలి. గదిలో దీపాలు ఆర్పి, తొట్టి పైనుంచి వచ్చే వెలుతురు మాత్రం ఉంచాలి. ఫ్లాష్ వేస్తే అది గాజు మీదే పడి తిరిగి కంట్లో కొడుతుంది. లెన్సును గాజుకు ఆనించి నేరుగా పెట్టాలి. పక్కనుంచి వంకరగా తీస్తే గాజూ నీళ్ళూ వెలుతురును వంచేసి చేప ఆకారమే చెదిరిపోతుంది. మన నీడ గాజులో పడకుండా ముదురు రంగు బట్టలు వేసుకుంటే ఇంకా మంచిది. అన్నిటికన్నా ముఖ్యం, చేప వెంట ఫోన్ తిప్పకుండా ఒక చోట ఫోకస్ పెట్టుకుని అది అక్కడికి వచ్చేదాకా కాచుకోవడం. గాజు తట్టి పిలిస్తే చేప బెదిరిపోతుంది. శుభ్రం, వెలుతురు, కదలని చెయ్యి, ఓపిక. కెమెరా ఎంత ఖరీదైనా ఈ నాలుగూ లేకపోతే బొమ్మ స్పష్టంగా రాదు. ఈ నాలుగూ ఉన్నాయి కాబట్టే కెమెరా లేకుండానే జీన్ స్పష్టంగా చూసింది.

1838లో పెద్ద దెబ్బ తగిలింది. ఆమె సేకరణలు, కాగితాలు చాలావరకు వేసి పంపిన ఓడ సముద్రంలో మునిగిపోయింది. అన్నేళ్ళ శ్రమ. ఇంకో ప్రతి లేదు, ఫొటో లేదు. ఏ సముద్రాన్ని చదివిందో అదే సముద్రం అన్నిటినీ మింగేసింది. ఆ తర్వాత ఆమె కొత్త పరిశోధనలు చేయలేదంటారు. కానీ రాయడం మానలేదు. మరుసటి ఏడే, అంటే ఫొటోగ్రఫీ బయటికి వచ్చిన అదే 1839లో, తన పరిశీలనలను పుస్తకంగా వేసింది. 1842లో సిసిలీ గురించి ఇటాలియన్‌లో ఒక గైడు పుస్తకం రాసింది. ఓడలో పోనిది ఆమె తలలో ఉన్నదే.

ఆమె మాట చివరికి నెగ్గింది. లండన్‌లో రిచర్డ్ ఓవెన్ అనే పేరుమోసిన శాస్త్రవేత్త ఆమె పనిని జువాలజికల్ సొసైటీ ముందు పెట్టాడు. ఆర్గోనాట్ గుల్ల దాని సొంతమే అని తేలింది. జోయెనియా అకాడమీలో సభ్యత్వం పొందిన మొదటి స్త్రీ ఆమె. లండన్ జువాలజికల్ సొసైటీతో పాటు ఇంకా పదికి పైగా సంఘాలు ఆమెను చేర్చుకున్నాయి. ఆక్టోపస్ ఒక రాయి పట్టుకుని పెద్ద ఆల్చిప్ప తెరుచుకునేదాకా కాచుకుని, మూసుకోకుండా రాయి అడ్డుపెట్టి లోపలిదాన్ని తింటుందని కూడా ఆమె రాసింది.

1843లో భార్యాభర్తలు సిసిలీ వదిలి పారిస్, లండన్‌లలో ఉండసాగారు. 1853లో లండన్ జూలో చేపల ఇల్లు తెరిచారు. ఆ తర్వాత ఇంగ్లండులో ఇంటింటా గాజు తొట్టి పెట్టుకునే పిచ్చి పట్టుకుంది. ఆ సందడిలో జీన్ పేరు మెల్లగా వెనక్కి పోయింది. 1861లో పారిస్‌లో డిస్డెరి అనే ప్రసిద్ధ ఫొటోగ్రాఫరు తీసిన ఆమె ఫొటో ఒకటి ఉంది. ఆర్గోనాట్‌లకు దొరకని ఫొటో ఆమెకు దొరికింది.

1870లో ప్రష్యా సైన్యం పారిస్‌ను ముట్టడించింది. జీన్ ఆ నగరం వదిలి పుట్టిన ఊరు జూయాక్‌కే వెళ్ళిపోయింది. 1871 జనవరిలో అక్కడే కన్నుమూసింది. పద్దెనిమిదేళ్ళప్పుడు నడిచి వదిలిన ఊరికి డెబ్బై ఆరేళ్ళప్పుడు తిరిగి వచ్చిందన్నమాట. తర్వాత నూరేళ్ళకు పైగా ఆమెను దాదాపు అందరూ మరిచిపోయారు. 1997లో శుక్రగ్రహం మీద ఒక బిలానికి ఆమె పేరు పెట్టారు.

బిలం మనకు కనబడదు. గాజు తొట్టి మాత్రం ప్రతి వీధిలో ఉంది. ఈసారి దాని ముందు నిలబడి ఫోన్ ఎత్తినప్పుడు, క్లిక్కు నొక్కే ముందు కాసేపు ఊరికే చూడండి. చేప మనల్ని మరిచిపోయి తన పని తాను చేసుకునేదాకా చూడండి. జీన్ విల్‌ప్రో పవర్ ఏళ్ళ తరబడి చేసింది అదే.