130 డాలర్లకు సూపర్‌మ్యాన్‌ను అమ్మేశాడు.. అదే కామిక్ బుక్ రూ.50 కోట్లు పలికింది! జెర్రీ సీగెల్ కథ ఇదీ

పది సెంట్లు.. 1938లో అమెరికాలో ఓ కామిక్ బుక్ ధర అంతే. అదే పుస్తకం కాపీ ఒకటి 2024 ఏప్రిల్‌లో వేలానికి వస్తే ఏకంగా 60 లక్షల డాలర్లు పలికింది. మన లెక్కలో దాదాపు రూ.50 కోట్లు. ఆ పుస్తకం పేరు యాక్షన్ కామిక్స్ నంబర్ 1. సూపర్‌మ్యాన్ ప్రపంచానికి మొదటిసారి కనిపించింది అందులోనే. కానీ ఆ సూపర్‌మ్యాన్‌ను పుట్టించిన జెర్రీ సీగెల్ మాత్రం అరవై ఏళ్ల వయసులో చిన్న గుమస్తా ఉద్యోగం చేసుకుంటూ బతికాడు. ఇంతకీ ఏం జరిగింది?

తండ్రి దుకాణంలో దొంగలు..

జెర్రీ సీగెల్ 1914 అక్టోబర్ 17న ఒహాయో రాష్ట్రం క్లీవ్‌లాండ్‌లో పుట్టాడు. లిథువేనియా నుంచి వలస వచ్చిన యూదు కుటుంబం. ఆరుగురు పిల్లల్లో చివరివాడు. తండ్రికి బట్టల దుకాణం ఉండేది. 1932 జూన్‌లో ఓ రాత్రి ఆ దుకాణంలోకి దొంగలు చొరబడ్డారు. ఆ గొడవలో తండ్రి గుండె ఆగి చనిపోయాడు. అప్పటికి జెర్రీకి 17 ఏళ్లు. తూటాలకు కూడా లొంగని హీరో ఆ బాధలోంచే పుట్టాడని చాలామంది నమ్ముతారు. జెర్రీ మాత్రం ఇంటర్వ్యూల్లో ఆ ఊసే ఎత్తేవాడు కాదు.

గ్లెన్‌విల్ హైస్కూల్‌లో జెర్రీకి ఓ దోస్తు దొరికాడు. పేరు జో షుస్టర్. ఇతను కథ రాస్తే అతను బొమ్మ గీసేవాడు. 1933 జనవరిలో ఇద్దరూ కలిసి సొంతంగా అచ్చేసుకున్న చిన్న పత్రికలో సూపర్‌మ్యాన్ పేరు తొలిసారి వాడారు. ట్విస్ట్ ఏంటంటే.. ఆ కథలో సూపర్‌మ్యాన్ హీరో కాదు, బట్టతల విలన్! ఆ తర్వాతే అతడిని మంచివాడిగా మార్చారు. ఆ హీరోను పట్టుకుని ఏళ్ల తరబడి పత్రికల చుట్టూ తిరిగారు. ఎక్కడికెళ్లినా తిరస్కరణే.

చెక్కు మీద పేర్లు కూడా తప్పే..

చివరికి 1938లో న్యూయార్క్‌లోని ఓ పబ్లిషర్ ఓకే అన్నాడు. వార్తాపత్రిక కోసం గీసిన బొమ్మలనే కత్తిరించి, అతికించి 13 పేజీల కథగా మార్చి ఇచ్చారు. పేజీకి 10 డాలర్ల చొప్పున మొత్తం 130 డాలర్లు. అదే ఏడాది మార్చి 1 తేదీతో చెక్కు వచ్చింది. మిగతా పనుల డబ్బుతో కలిపి దాని మొత్తం 412 డాలర్లు. దాని మీద ఇద్దరి పేర్లూ తప్పుగానే రాశారు. అయినా ఆ కుర్రాళ్లు పట్టించుకోలేదు. ఆ డబ్బుతో పాటే సూపర్‌మ్యాన్ హక్కులన్నీ కంపెనీకి వెళ్లిపోయాయి.

పుస్తకం ఏప్రిల్‌లో మార్కెట్లోకి వచ్చింది. కవర్ మీద పచ్చ కారును గాల్లోకి ఎత్తేసిన హీరో. ఒక్కసారిగా సూపర్ హిట్. 1939లో సూపర్‌మ్యాన్ పేరుతోనే ప్రత్యేకంగా పత్రిక వచ్చింది. రేడియో, కార్టూన్ సినిమాలు, బొమ్మలు.. అన్నీ వరుస కట్టాయి. కొన్నేళ్లు జెర్రీకి, జోకి కూడా మంచి సంపాదనే ఉంది. కానీ అసలు లాభం అంతా కంపెనీదే.

కోర్టు మెట్లెక్కితే పేరే పోయింది

1943లో జెర్రీ సైన్యంలో చేరాడు. అతడు అక్కడ ఉండగానే కంపెనీ సూపర్‌బాయ్ పాత్రను అచ్చేసింది. ఆ ఆలోచన కూడా జెర్రీదే. దాంతో 1947లో ఇద్దరు మిత్రులూ కేసు వేశారు. మరుసటి ఏడాది సుమారు 94 వేల డాలర్లకు రాజీ కుదిరింది. సూపర్‌మ్యాన్, సూపర్‌బాయ్ రెండూ కంపెనీకే. అంతేకాదు, కథల మీద వాళ్ల పేర్లు కూడా తీసేశారు.

1959లో గత్యంతరం లేక జెర్రీ అదే కంపెనీకి తిరిగి వెళ్లాడు. తాను పుట్టించిన హీరోకే పేరు లేకుండా కథలు రాశాడు. 1960ల్లో మళ్లీ హక్కుల కోసం కోర్టుకెక్కాడు. ఓడిపోయాడు. కాలిఫోర్నియాకు వెళ్లి ప్రభుత్వ ఆఫీసులో గుమస్తాగా చేరాడు. ఏడాదికి 7 వేల డాలర్ల జీతం. జో పరిస్థితి ఇంకా దారుణం. అతడి చూపు దాదాపుగా పోయింది.

1975లో సూపర్‌మ్యాన్ మీద భారీ సినిమా తీస్తున్నారని వార్త వచ్చింది. జెర్రీ ఇక ఆగలేదు. ఆ సినిమాకు శాపం పెడుతూ పత్రికలకు పెద్ద ప్రకటన పంపాడు. నీల్ ఆడమ్స్, జెర్రీ రాబిన్సన్ లాంటి ఆర్టిస్టులు అండగా నిలిచారు. జనం నుంచి ఒత్తిడి పెరగడంతో కంపెనీ దిగొచ్చింది. ఆ ఏడాది డిసెంబర్‌లో ఇద్దరికీ ఏటా 20 వేల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. సృష్టికర్తలుగా పేర్లు మళ్లీ వేయడానికి కూడా. 1978లో సినిమా వచ్చినప్పుడు తెర మీద ఆ రెండు పేర్లూ పడ్డాయి. ఆ క్రేజ్ మన దగ్గరికీ పాకింది. 1980లో ఎన్టీఆర్ హీరోగా తెలుగులోనూ సూపర్‌మ్యాన్ పేరుతో సినిమా వచ్చింది.

ఆ పుస్తకానికి అంత ధర ఎందుకు?

పాతది కాబట్టి అనుకుంటే పొరపాటే. మొదటి కారణం, సూపర్‌మ్యాన్ తొలిసారి కనిపించిన పుస్తకం అది. రెండోది, కొరత. సుమారు 2 లక్షల కాపీలు వేస్తే ఇప్పుడు మిగిలినవి వంద వరకే ఉంటాయని అంచనా. పిల్లలు చదివి చించేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో పాత కాగితాల సేకరణకు ఇచ్చేశారు. అందరూ దాచుకుని ఉంటే ఇంత ధర ఉండేదే కాదు.

మూడోది, కాపీ ఎలా ఉందన్నది. నిపుణులు కవర్, మడత అంచు, పిన్నులు, కాగితం రంగు చూసి 10 పాయింట్ల స్కేల్‌పై గ్రేడ్ ఇస్తారు. రూ.50 కోట్లు పలికిన కాపీ గ్రేడ్ 8.5. అదే 2013లో మిన్నెసోటాలో ఓ పాత ఇంటి గోడలో దొరికిన కాపీకి 1.5 మాత్రమే వచ్చింది. ఆ పుస్తకం కోసం ఇంట్లోవాళ్లు లాక్కోవడంతో వెనుక కవర్ చిరిగింది! అయినా 1.75 లక్షల డాలర్లు పలికింది. చిరిగిన చోట అతికించి, రంగులు దిద్దితే విలువ పెరుగుతుందని కొందరు అనుకుంటారు. నిజానికి అలా రిపేర్ చేసిన కాపీకి ధర తగ్గుతుంది.

మరో జాగ్రత్త.. 1974లో ఇదే పుస్తకాన్ని పెద్ద సైజులో మళ్లీ అచ్చేశారు. దాని బయటి కవర్ తీసేస్తే అచ్చం ఒరిజినల్‌లా ఉంటుంది. సైజు చూసుకోకపోతే మోసపోవడం ఖాయం.

చెక్కు కూడా వేలానికే..

జో షుస్టర్ 1992లో, జెర్రీ సీగెల్ 1996 జనవరి 28న లాస్ ఏంజెలెస్‌లో కన్నుమూశారు. యాక్షన్ కామిక్స్ నంబర్ 1 తొలిసారి 10 లక్షల డాలర్ల మార్కు అందుకున్నది 2010లో. ఆ రోజు చూడటానికి ఇద్దరూ లేరు. 2012లో మరో వేలం జరిగింది. ఈసారి అమ్మింది పుస్తకం కాదు.. పేర్లు తప్పుగా రాసిన ఆ పాత చెక్కు. కంపెనీ పారేయబోతే ఓ ఉద్యోగి దాచిపెట్టాడు. దాని ధర 1.6 లక్షల డాలర్లు. సూపర్‌మ్యాన్ హక్కుల కోసం ఇచ్చిన 130 డాలర్లకు అది వెయ్యి రెట్ల కంటే ఎక్కువే.