సూర్యుణ్ణి వంటింట్లోకి తెచ్చిన రొకేయా

కదిరి నుంచి నంబులపూలకుంట వైపు బస్సులో పోయినవాళ్ళకు తెలిసే ఉంటుంది. ఒకప్పుడు బీళ్ళూ, వేరుశనగ చేలూ, గుండ్రాళ్ళూ తప్ప కంటికి ఇంకేమీ ఆనని చోట ఇప్పుడు సోలారు పలకలు బారులు తీరి ఎండకు మొహం పెట్టుకుని ఉంటాయి. 2016లో అక్కడ మొదటి 250 మెగావాట్ల కరెంటు మొదలైనప్పుడు, ఎండను కూడా అమ్ముకునే రోజులొచ్చాయని మా నల్లచెరువులో నవ్వుకున్నాం. ఇన్నేళ్ళూ మనల్ని మాడ్చిన ఎండ చివరికి ఒక పనికొచ్చిందని సంతోషపడ్డవాళ్ళూ ఉన్నారు.

ఆ ఎండను గొట్టంలో పట్టి తెచ్చి వంట చేసుకోవచ్చని, పొగా మసీ లేని వంటిల్లు ఒకటి ఉంటుందని 1905లోనే ఒక ముస్లిం ఇల్లాలు కథ రాసిన సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. డిగ్రీలో ఇంగ్లీషు చదువుకున్నదాన్నే. సైన్సు కథలంటే జూల్స్ వెర్న్ పేరు చెప్పారు, వెల్స్ పేరు చెప్పారు. రొకేయా సఖావత్ హుస్సేన్ పేరు ఎవరూ చెప్పలేదు. పైగా ఆ కథ మొదట అచ్చయింది ఎక్కడో కాదు, మద్రాసులో, ఒక తెలుగింటి ఆడపడుచు నడిపిన పత్రికలో. అది తెలిశాక ఆమె గురించి నాలుగు మాటలు రాయకుండా ఉండలేకపోయాను.

రొకేయా 1880 డిసెంబరు 9న పుట్టింది. ఊరు పైరాబంద్, అప్పటి బెంగాల్‌లోని రంగపూర్ జిల్లా. ఇప్పుడది బంగ్లాదేశ్‌లో ఉంది. తండ్రి జమీందారు, నాలుగైదు భాషలు వచ్చిన పండితుడు. కొడుకులను కలకత్తా పంపి ఇంగ్లీషు చదువులు చెప్పించాడు. కూతుళ్ళకు మాత్రం ఖురాను వల్లె వేయడం, కాస్త ఉర్దూ, పర్షియన్ వస్తే చాలనుకున్నాడు. ఇంగ్లీషు సరే, బెంగాలీ కూడా నేర్వకూడదు. ఊరంతా మాట్లాడే భాష ఇంటి ఆడపిల్లకు చదవడం రాకూడదంటే ఎంత వింతగా ఉందో చూడండి.

ఐదో ఏటి నుంచే ఘోషా. మగవాళ్ళ కంట పడకుండా ఉండటం ఒక్కటే కాదు, పరాయి ఆడవాళ్ళు ఇంటికొచ్చినా దాక్కోవాలి. పెద్దవాళ్ళు కంటితో సైగ చేస్తే చాలు, ఆ పసిపిల్ల వంటింటి మూలకో, పనిమనిషి చుట్టిపెట్టిన చాపలోకో, మంచం కిందికో పరుగెత్తాలి. ఎందుకు దాక్కుంటున్నదో తెలియని వయసు అది. పెద్దయ్యాక తానే ఇవన్నీ రాసింది. ఏడుస్తూ కాదు, ఎగతాళి చేస్తూ.

అక్క కరీమున్నీసాకు బెంగాలీ పుస్తకాలంటే ప్రాణం. అది బయటపడి చదువు ఆగిపోయింది, పదిహేనేళ్ళు నిండకుండానే పెళ్ళీ అయిపోయింది. ఆ అక్క ప్రోత్సాహంతోనే రొకేయా బెంగాలీ పట్టుకుంది. ఇంగ్లీషు నేర్పింది అన్న ఇబ్రహీం. ఇంటిల్లిపాదీ పడుకున్నాక, కొవ్వొత్తి వెలుగులో అన్నాచెల్లెళ్ళు పుస్తకం తెరిచేవాళ్ళు. తెల్లారితే మళ్ళీ దాచెయ్యాలి. పగటి వెలుతురులో చదువుకునే రాత లేని పిల్లే పెద్దయి సూర్యుడి మీద కథ రాసింది.

1898లో పెళ్ళి. పెళ్ళికొడుకు బీహారులోని భాగల్పూర్‌లో డిప్యూటీ మేజిస్ట్రేటు సయ్యద్ సఖావత్ హుస్సేన్. మొదటి భార్య చనిపోయింది, ఒక కూతురుంది. రొకేయాకంటే దాదాపు ఇరవై ఏళ్ళు పెద్ద. ఇంత చెప్పగానే మనం అయ్యో అనుకుంటాం. కానీ ఈ సంబంధం చూసింది అన్న ఇబ్రహీమే, చెల్లెలి చదువు ఆగకూడదనే చూశాడు. సఖావత్ ఇంగ్లండు వెళ్ళి చదువుకొచ్చినవాడు. ఆయన మాట్లాడే భాష ఉర్దూ. అయినా భార్యను బెంగాలీలో రాయమన్నాడు, ఇంగ్లీషు అలవాటు చేశాడు. 1902 నుంచి పత్రికల్లో ఆమె రచనలు రావడం మొదలై, 1904లో వ్యాసాల పుస్తకం మోతీచూర్ వచ్చింది. ఈ కొద్ది ఏళ్ళలోనే ఇద్దరు ఆడపిల్లలు పుట్టి, ఊహ తెలియకముందే పోయారు. ఆ దుఃఖం గురించి రొకేయా పెద్దగా చెప్పుకున్నది లేదు. కలం మాత్రం ఆపలేదు.

ఇక ఆ కథ సంగతి. భర్త క్యాంపుకు వెళ్ళాడు. ఇంట్లో ఒంటరిగా ఉన్న రొకేయా, పొద్దు పోవడానికని ఇంగ్లీషులో ఒక కథ రాసిపెట్టింది. ఆయన రాగానే చేతికిచ్చింది. నిలబడ్డవాడు కూర్చోకుండా అలాగే మొత్తం చదివేసి, మగవాళ్ళ మీద పగ గట్టిగానే తీర్చుకున్నావే అన్నట్టు నవ్వాడట. కోపం తెచ్చుకోలేదు, దాచిపెట్టమనలేదు. అది మద్రాసుకు వెళ్ళింది.

మద్రాసులో ది ఇండియన్ లేడీస్ మ్యాగజైన్ అనే పత్రిక 1901లో మొదలైంది. సంపాదకురాలు కమలా సత్యనాథన్. ఆమె పుట్టినింటి పేరు హన్నా రత్నం కృష్ణమ్మ. రాజమండ్రి వైపు తెలుగు క్రైస్తవ కుటుంబం వారిది. బందరు నోబుల్ కాలేజీలో చదివి, తర్వాత ఎం.ఎ. కూడా పూర్తి చేసింది. దక్షిణాదిన ఎం.ఎ. చదివిన ఆడవాళ్ళలో మొట్టమొదట చెప్పే పేరు ఆమెదే. సరోజినీ నాయుడు కవితలు ఆ పత్రికలో వచ్చేవి. రంగపూర్‌లో పుట్టి భాగల్పూర్‌లో కాపురముంటున్న ఘోషా ఇల్లాలి కథను 1905లో అచ్చువేసింది ఈ తెలుగావిడ. కథ పేరు సుల్తానాస్ డ్రీమ్, సుల్తానా కల. 1908లో కలకత్తాలో చిన్న పుస్తకంగా కూడా వచ్చింది.

కథలో సుల్తానా పడకగదిలో వాలుకుర్చీలో కూర్చుని హిందూదేశపు ఆడవాళ్ళ బతుకు గురించి ఆలోచిస్తూ ఉంటుంది. నిద్రపట్టిందో లేదో తనకే తెలియదు. సిస్టర్ సారా వచ్చి బయటికి తీసుకుపోతుంది. వీధుల్లో అందరూ ఆడవాళ్ళే! మగవాళ్ళంతా ఇళ్ళలో, మర్దానాల్లో ఉన్నారు. వంటా, పిల్లల పెంపకం వాళ్ళ పని. జనానాను తిరగేసిందన్నమాట. ఎందుకిలా అని సుల్తానా అడిగితే, పిచ్చివాళ్ళు తప్పించుకుంటే పిచ్చివాళ్ళను కదా మూస్తారు, బుద్ధిమంతులను మూస్తారా, హాని చేసేవాళ్ళను వదిలేసి అమాయకులను లోపల పెట్టడం ఏం న్యాయం అని సారా తర్కం తీస్తుంది. దీనికి జవాబు ఇప్పటికీ ఎవరి దగ్గరైనా ఉందా అని నాకు అనుమానమే.

మనకు ప్రమీల రాజ్యం కొత్త కాదు. కానీ ప్రమీల కథలో అర్జునుడు వస్తాడు, పెళ్ళితో ఆ రాజ్యం కథ ముగుస్తుంది. రొకేయా రాజ్యంలో అర్జునుడు రాడు, అక్కడ అందరూ సైంటిస్టులు. రాణిగారు ఆడపిల్లలకు చదువు తప్పనిసరి చేసి, ఇరవై ఒకటో ఏడు వచ్చేదాకా పెళ్ళి కూడదని శాసనం చేసింది. ఆడవాళ్ళకు రెండు యూనివర్సిటీలు వచ్చాయి. ఒక యూనివర్సిటీవాళ్ళు గొట్టాలు తగిలించిన పెద్ద బెలూనును మేఘాలకన్నా పైకి పంపి, కావలసినంత నీళ్ళు దించుకున్నారు. ఇక వరదా లేదు, కరువూ లేదు. ఇది చూసి రెండో యూనివర్సిటీవాళ్ళు సూర్యుడి వేడిని పట్టి నిలవచేసే పరికరం కనిపెట్టారు. ఆ సమయంలో మగవాళ్ళు ఫిరంగులు పెంచుకునే పనిలో ఉన్నారట, ఆడవాళ్ళవి పిచ్చి కలలని నవ్వారట. పక్కదేశం దండెత్తి మగవాళ్ళు ఓడిపోయినప్పుడు, ఆ ఎండనే శత్రువుల మీదికి తిప్పి ఒక్క ప్రాణం తియ్యకుండానే తరిమేశారు ఆడవాళ్ళు.

మేఘం నుంచి నీళ్ళు దించుకునే ఆ పేజీని నేను మిగతావాళ్ళలా చదవలేను. వరుణుడి కోసం కప్పకు పెళ్ళిళ్ళు చేసిన ఊళ్ళ మధ్య పెరిగినదాన్ని. బోరు ఎన్ని వందల అడుగులు పోయినా దుమ్మే వచ్చిన రోజులు మన జిల్లాలో ఏ ఇల్లాలిని అడిగినా చెబుతుంది. బెంగాలులో నీళ్ళకు కొదవలేదు, అక్కడ వరదలే బాధ. అయినా కరువు సంగతీ ఆమె మరచిపోలేదు.

కథలో గాలి కారు కూడా ఉంది. రెండు హైడ్రోజన్ గుండ్లు, రెక్కలు, కరెంటుతో తిరిగే యంత్రం. రైటు సోదరులు మొదటిసారి ఎగిరింది 1903 డిసెంబరులో. ఆ తర్వాత రెండేళ్ళు తిరగకుండానే ఈమె ఇద్దరు ఆడవాళ్ళను ఆకాశంలో తిప్పేసింది. 1930లో రొకేయా నిజంగానే విమానమెక్కి యాభై మైళ్ళు తిరిగి, ఆ ప్రయాణం మీద బెంగాలీలో వ్యాసం రాసింది. అప్పటికి యాభై ఏళ్ళ మనిషి.

అయితే నాకు ఆమె మీద గౌరవం పెరిగింది ఈ కథ వల్ల కాదు, ఆ తర్వాత జరిగిన దానివల్ల.

సఖావత్‌కు చక్కెర జబ్బు ముదిరి చూపు పోతూ వచ్చింది. రొకేయా దగ్గరుండి సేవ చేసింది. 1909 మేలో ఆయన పోయాడు. ఆమెకప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళు, బిడ్డలు లేరు. ఆడపిల్లల బడి కోసమని ఆయన పదివేల రూపాయలు విడిగా పెట్టిపోయాడు. ఐదు నెలలు తిరక్కుండానే భాగల్పూర్‌లో ఆయన పేరుతో బడి తెరిచింది. చేరినవాళ్ళు ఐదుగురు. ఇంతలో సవతి కూతురి కుటుంబంతో ఆస్తి తగాదాలు. ఊరు వదిలి కలకత్తా చేరి, 1911 మార్చి 16న వలీవుల్లా సందులో ఎనిమిదిమంది పిల్లలతో మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది.

తను ఏ బడిలోనూ చదవని మనిషి. క్లాసు ఎలా నడుస్తుందో, గంట ఎప్పుడు కొడతారో కూడా తెలియదు. అందుకని ఊళ్ళోని బ్రహ్మసమాజపు బడులకు, క్రైస్తవ బడులకు పోయి కూర్చుని చూసి నేర్చుకుంది. ఇల్లిల్లూ తిరిగి తల్లిదండ్రులను బతిమాలింది. ఘోషాకు ఏ లోటూ రానివ్వనని మాటిచ్చింది. మాట నిలబెట్టుకోవడానికి తనూ బయటికొస్తే బురఖా వేసుకునేది.

బస్సు కథ అందరూ తెలుసుకోవలసింది. పిల్లలను తీసుకురావడానికి కొన్న మొదటి బస్సుకు నాలుగు వైపులా మూత. గాలాడక, చీకట్లో పిల్లలు భయపడి ఏడ్చారు, వాంతులు చేసుకున్నారు, స్పృహ తప్పారు. ఇదేం బస్సని తల్లులు గోల చేశారు. సరేనని కిటికీలు తీయించి పరదాలు కట్టించింది. ఈసారి ఇంకో రకం ఉత్తరాలు వచ్చాయి. గాలికి పరదా లేచి పిల్లలు కనబడుతున్నారని, ఇలాగైతే పత్రికలకెక్కిస్తామని, ఆడపిల్లలను రానివ్వమని బెదిరింపులు. గాలి కారులో సుల్తానాను ఎగరేసిన మనిషికి కలకత్తా వీధిలో ఒక బస్సు పరదా అంత పని పెట్టింది!

కొందరు ఆమెను తప్పుపడతారు. కాగితం మీద అంత ధైర్యం చేసి బడిలో రాజీపడిందంటారు. నేననేది ఏమంటే, ఆమె పరదా తీసేసి ఉంటే మర్నాడే బడి ఖాళీ అయ్యేది. 1915 నాటికి అక్కడ 84 మంది ఆడపిల్లలు చదువుతున్నారు. ఆ 84 మందీ ఇంటికి పోయేవాళ్ళు. చాపలో దాక్కున్న పసితనం మరచిపోనిదే ఆ లెక్క వేసుకోగలదు. అలాగని నోరు మూసుకుందా అంటే, లేదు. 1916లో ముస్లిం ఆడవాళ్ళ సంఘం పెట్టి, బస్తీల్లో బీదవాళ్ళకు అక్షరాలు, చేతిపనులు నేర్పించింది. 1931లో ఘోషా అనే దురాచారం మీద వాస్తవ సంఘటనలన్నీ చేర్చి అవరోధ్‌బాసిని అనే పుస్తకం వేసింది. పై బస్సు కథ అందులోదే.

1924లో వచ్చిన ఆమె నవల పద్మరాగ్ గురించి కూడా చెప్పాలి. ఒక బ్రహ్మసమాజపు వితంతువు నడిపే ఆశ్రమంలో హిందూ, ముస్లిం, క్రైస్తవ ఆడవాళ్ళు కలిసి బడీ, ఆసుపత్రీ, కుట్టుపనీ నడుపుకుంటూ ఉంటారు. అందరూ ఇంటి దెబ్బలు తిని వచ్చినవాళ్ళే. భర్త తిరిగి రమ్మన్నా నాయిక సిద్ధికా వెళ్ళదు. కథ నడక నాకు అంత బిగువుగా అనిపించలేదు, యాదృచ్ఛికాలు ఎక్కువ. కానీ ఆ ముగింపు మాత్రం ఆ రోజుల్లో ఎవరు రాయగలిగారు?

సుల్తానా కల 2005లో, అంటే సరిగ్గా నూరేళ్ళకు, చెన్నైలో మళ్ళీ బొమ్మల పుస్తకంగా వచ్చింది. తారా బుక్స్ వాళ్ళు వేశారు, బొమ్మలు గీసింది గోండు చిత్రకారిణి దుర్గాబాయి. మా అమ్మాయికి అదే చూపించాను. గాలి కారు బొమ్మ దగ్గరే చాలాసేపు ఉండిపోయింది.

రొకేయా 1932 డిసెంబరు 9న, తాను పుట్టిన తేదీనే, కలకత్తాలో కన్నుమూసింది. యాభై రెండేళ్ళు. ముందురోజు రాత్రి దాకా రాస్తూనే ఉంది. బల్ల మీద పూర్తికాని వ్యాసం ఒకటి దొరికింది. దాని పేరు నారీర్ అధికార్, ఆడవాళ్ళ హక్కులు. బడి తర్వాత సర్కారు బడి అయింది, కోల్‌కతాలో ఇప్పటికీ సఖావత్ పేరుతోనే నడుస్తోంది.