డకోటా నడిపిన గంజాం బిడ్డ: బిజూ పట్నాయక్

బరంపురం తెలుగు ఇళ్లకు విమానం ఇప్పుడు వింత కాదు. హైదరాబాదులో, బెంగళూరులో, విదేశాల్లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లడానికి మనలో చాలామంది భువనేశ్వర్‌లో విమానం ఎక్కుతున్నాం. ఆ విమానాశ్రయానికి పెట్టిన పేరు బిజూ పట్నాయక్‌ది. ఆయన్ని మనం ముఖ్యమంత్రిగానే ఎరుగుదుం. అంతకుముందు ఆయన పైలట్, ఒక విమాన సంస్థకు యజమాని.

బిజూ బాబు 1916 మార్చి 5న కటక్‌లో పుట్టారు. పూర్వీకుల ఊరు మాత్రం మన గంజాంలోనే, బెల్లగుంఠ దగ్గరి నువాగావ్. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరుపడేదాకా ఆ ఊరూ మన బరంపురమూ మద్రాసు రాష్ట్రంలోనే ఉండేవి. రావెన్‌షా కాలేజీలో చదువు మధ్యలో వదిలేసి ఆయన విమానం నడపడం నేర్చుకున్నారు. ఇండియన్ నేషనల్ ఎయిర్‌వేస్‌లో పైలట్‌గా చేరారు.

జపాను సేనలు బర్మా మీద పడినప్పుడు రంగూన్‌లో చిక్కుకున్న బ్రిటిష్ కుటుంబాలను ఆయన విమానంలో తరలించారు. రంగూన్ మాట మన ఇళ్లకు కొత్త కాదు. గంజాం, విశాఖ జిల్లాల నుంచి కూలికి వెళ్లిన తెలుగువారు, ఒడియావారు వేలమంది అప్పుడు అడవుల వెంట కాలినడకన బయలుదేరారు. ఎందరో దారిలోనే పోయారు. విమానంలో చోటు దొరలకు దొరికింది, కూలివాడికి దొరకలేదు.

ఆ దొరల కొలువులో ఉంటూనే బిజూ బాబు క్విట్ ఇండియా కరపత్రాలు చేరవేశారు. అజ్ఞాతంలో ఉన్న నాయకులను విమానంలో రహస్యంగా ఊళ్లు దాటించారు. అది బయటపడి 1943లో అరెస్టయ్యారు, సుమారు రెండేళ్లు జైల్లో ఉన్నారు.

విడుదలయ్యాక కలకత్తా కేంద్రంగా కళింగ ఎయిర్‌లైన్స్ పెట్టారు. విమానాలు డకోటాలు. 1947 జూలైలో డచ్చి సేనలు ఇండోనేషియా మీద దాడి చేశాయి. నెహ్రూ గారి కోరికపై బిజూ బాబు ప్రాణాలకు తెగించి జావా వెళ్లి, ఆ దేశ మాజీ ప్రధాని షహ్రీర్‌ను సింగపూర్ మీదుగా ఢిల్లీకి తెచ్చారు. భార్య జ్ఞాన్ గారు కూడా ఆ ప్రయాణంలో తోడున్నారు. ఆమె కూడా విమానం నడపడం నేర్చినవారే. అదే ఏడాది అక్టోబరులో కాశ్మీరుకు సైన్యాన్ని చేరవేసే పనిలోనూ ఆయన ఉన్నారు.

1953 ఆగస్టు 1న ప్రభుత్వం ఎనిమిది ప్రైవేటు సంస్థలను కలిపి ఇండియన్ ఎయిర్‌లైన్స్‌ను నెలకొల్పింది. వాటిలో హైదరాబాదు దక్కన్ ఎయిర్‌వేస్ ఒకటి, కళింగ ఒకటి. టికెట్టు ప్రయాణికుల మార్గాలు చేజారినా కళింగ పేరు పోలేదు. రోడ్డులేని ఈశాన్య కొండల్లోని శిబిరాలకు ఆ డకోటాలు బియ్యం, సరుకులు జారవిడిచేవి.

తరవాత ఆయన రెండుసార్లు ముఖ్యమంత్రి అయ్యారు. చివరగా 1996లో మన జిల్లాలోని ఆస్కా నుంచి పార్లమెంటుకు గెలిచి, ఆ సభ్యత్వంలో ఉండగానే 1997 ఏప్రిల్ 17న ఢిల్లీలో కన్నుమూశారు.

కలకత్తాలో ఏళ్ల తరబడి మూలపడి ఉన్న ఆయన డకోటా ఒకదాన్ని 2023 జనవరిలో విడదీసి లారీల మీద భువనేశ్వర్ తెచ్చారు. ఈసారి విమానాశ్రయానికి వెళ్లేటప్పుడు పిల్లలకు దాని కథ చెబుదాం. రంగూన్ నుంచి నడిచి వచ్చిన మన పెద్దల మాట కూడా అక్కడే చెబుదాం.